నోటీసు పంపిన లాయరును బోనెక్కించగలమా?

ప్రశ్న: మాది తెలంగాణలో ఒక జిల్లా కేంద్రంలో 20 పడకల నర్సింగ్ హోమ్. నేను గైనకాలజిస్టును. 11 నెలల కిందట మా దగ్గర రెండో సిజేరియన్ చేయించుకున్న ఒకావిడకు కాన్పు తరవాత రక్తస్రావం ఆగలేదు. మందులు ఇచ్చాం, రక్తం ఎక్కించాం, అయినా తగ్గకపోతే హైదరాబాద్ పంపించాం. అక్కడ గర్భసంచి తీసేసి ప్రాణం కాపాడారు. తల్లీబిడ్డలిద్దరూ బాగున్నారు. మా బిల్లు 62 వేలు. పోయిన వారం వాళ్ల లాయరు నుంచి నోటీసు వచ్చింది. 15 రోజుల్లో 75 లక్షలు కట్టాలట. ఆ లాయరు మా కేస్ షీటు చూడనే లేదు. మర్నాడే ఒక మధ్యవర్తి వచ్చి 12 లక్షలిస్తే ముగించేస్తానన్నాడు. లాయరుకు వచ్చినదాంట్లో మూడో వంతు అని ఒప్పందం ఉందని కూడా అన్నాడు. ఇలాంటి పనికిమాలిన కేసులు వేసే లాయర్ల మీద చర్య ఉండదా? ఆయన మీద కేసు వేయవచ్చా? ఇంకో మాట, ఆ రాత్రి హడావుడిలో కేస్ షీటులో రెండు మూడు చోట్ల టైము రాయలేదు. ఇప్పుడు సిస్టర్‌తో రాయించమంటారా?

సమాధానం: డాక్టరు గారూ, మీరు చివర అడిగిన దానికే ముందు జవాబు చెప్పాలి. ఆ కేస్ షీటు మీద ఇక ఎవరూ పెన్ను పెట్టకూడదు. మీరు గానీ, సిస్టర్ గానీ, మత్తు డాక్టరు గానీ ఒక్క అంకె కూడా చేర్చొద్దు. మంచి వైద్యం చేసిన డాక్టర్లు కూడా ఓడిపోయేది ఇక్కడే. టైము రాయకపోవడం ఒక లోపం. తరవాత రాయించడం రికార్డు దిద్దడం. ఆ దిద్దుబాటు ఒక్కటి బయటపడితే మీరు నిజంగా రాసిన మిగతా పేజీలను కూడా కేసు వినే వినియోగదారుల (కన్స్యూమర్) కమిషన్ నమ్మదు. అది బయటపడకుండా ఉండటం కష్టం కూడా. మీరు హైదరాబాద్ పంపినప్పుడు రెఫరల్ లెటర్‌తో పాటు కొన్ని కాగితాల జిరాక్సులు వెళ్లే ఉంటాయి. అవి ఆ ఆస్పత్రి ఫైలులో ఉంటాయి, రోగి ఇంటివాళ్ల ఫోన్లలో ఫొటోలుగా కూడా ఉంటాయి. ఆ కాపీలో ఖాళీగా ఉన్న గడి మీ ఒరిజినల్‌లో నిండి కనిపిస్తే వాళ్ల లాయరుకు ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

టైములు మరోచోట దొరుకుతాయి. రక్తస్రావం ఆపడానికి ఇచ్చే కార్బోప్రోస్ట్ ఇంజెక్షను మీ మెడికల్ షాపు నుంచి తెప్పించి ఉంటే ఆ బిల్లు మీద గంట, నిమిషం ముద్రించి ఉంటాయి. రక్తం కోసం పంపిన రిక్విజిషన్ స్లిప్పు, బ్లడ్ బ్యాంకు ఇష్యూ రిజిస్టరు, క్రాస్ మ్యాచ్ రిపోర్టు, మత్తు డాక్టరు చార్టు, అంబులెన్స్ ట్రిప్ షీటు, హైదరాబాద్ ఆస్పత్రికి మీరు చేసిన ఫోన్ కాల్ వివరాలు, సీసీ కెమెరా ఫుటేజీ ఇంకా మిగిలి ఉంటే అదీ. వీటన్నిటినీ వరసలో పెడితే రక్తస్రావం గుర్తించిన క్షణం నుంచి అంబులెన్స్ గేటు దాటేదాకా ఏ నిమిషానికి ఏం జరిగిందో తేలుతుంది. మీరు కాకుండా మూడో మనిషి రాసిన టైము కాబట్టి కేస్ షీటులోని టైము కన్నా దానికే విలువ ఎక్కువ.

ఒరిజినల్ కేస్ షీటుకు పేజీ నంబర్లు కూడా వేయకండి. ఉన్నది ఉన్నట్టు స్కాన్ చేయించండి, ఆ కాపీ మీద నంబర్లు వేసుకోండి, ఒరిజినల్‌ను కవర్లో పెట్టి సీలు వేసి బీరువాలో ఉంచండి. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లందరూ తమకు గుర్తున్నది వేరే కాగితం మీద ఇవాళ్టి తేదీ వేసి రాయాలి. దాన్ని మీ లాయరు పేరిట రాయండి. క్లయింటుకూ లాయరుకూ మధ్య జరిగే సమాచారానికి చట్టంలో రక్షణ ఉంది. ఆ సిస్టర్ ఉద్యోగం మారి వెళ్లిపోయి ఉంటే ఫోన్ నంబరు, చిరునామా ఇప్పుడే సంపాదించండి. రెండేళ్ల తరవాత అఫిడవిట్ కావాల్సి వచ్చినప్పుడు వెతకడం చాలా కష్టం.

వాళ్లు రికార్డులు అడిగారా, మీరు ఇచ్చారా అన్నది మీ ఉత్తరంలో లేదు. 2002 నాటి వైద్య నైతిక నియమావళి ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డు 3 సంవత్సరాలు భద్రపరచాలి, రోగి గానీ అధీకృత ప్రతినిధి గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. వాళ్లు అడిగినా మీ రిసెప్షన్‌లో తిప్పి పంపి ఉంటే 'లాయరు కేస్ షీటు చూడలేదు' అన్న మీ వాదన మీ మీదకే తిరుగుతుంది. అడగకపోయినా సరే, నోటీసుకు జవాబులోనే 'అధీకృత పత్రంతో వస్తే రికార్డు కాపీలు ఇస్తాం' అని రాయించండి. ఇచ్చినప్పుడు ఎన్ని పేజీలో రాసి సంతకం తీసుకోండి.

ఇక నోటీసు సంగతి. కన్స్యూమర్ కేసులో ముందస్తు నోటీసుకు జవాబు ఇచ్చితీరాలన్న నియమం లేదు. అయినా ఇవ్వండి. మౌనంగా ఉంటే తరవాత 'అప్పుడెందుకు కాదనలేదు' అని అడుగుతారు. జవాబు ఒక పేజీ చాలు. ఆరోపణలు నిరాకరిస్తున్నాం, ప్రామాణిక చికిత్స ఇచ్చాం, సకాలంలో పెద్దాస్పత్రికి పంపాం, అంతవరకే. ఏ మందు ఎంత డోసు అన్న వివరాలు ఇప్పుడే రాయకండి. తొందరలో ఒక టైము తప్పు రాస్తే కేసు నడిచినంత కాలం దాన్ని మోయాలి.

అంతకన్నా ముందు ఇవాళే చేయాల్సిన పని, మీ ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ (రోగులు పరిహారం అడిగితే భరించే బీమా) ఇచ్చిన కంపెనీకి నోటీసు కాపీ పంపడం. ఈ పాలసీలు మామూలుగా క్లెయిమ్ వచ్చిన తేదీని బట్టి పనిచేస్తాయి. మీరు ఆలస్యంగా చెబితే దాన్నే సాకు చేసుకుని కంపెనీ తప్పుకోవచ్చు. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవద్దని, రాజీ చేసుకోవద్దని కూడా షరతు ఉంటుంది. అంటే మధ్యవర్తి చేతికి 12 లక్షలు ఇస్తే ఆ సొమ్ము మీ జేబులోంచి పోయినట్టే. పైగా అతనికి ఇచ్చాక వాళ్లు కేసు వేయరన్న హామీ ఎక్కడా ఉండదు. డాక్టరుగా మీ పాలసీ, నర్సింగ్ హోమ్ పాలసీ రెండూ వేరు. నోటీసులో ఇద్దరి పేర్లూ ఉంటే రెండు చోట్లా తెలియజేయాలి.

62 వేల బిల్లుకు 75 లక్షలు ఎలా అడిగారని మీకు ఆశ్చర్యంగా ఉండవచ్చు. దీనికి కారణం చట్టంలోనే ఉంది. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక ఏ కమిషన్‌కు వెళ్లాలన్నది అడిగే పరిహారాన్ని బట్టి కాక, చెల్లించిన బిల్లును బట్టి తేలుతుంది. 50 లక్షల బిల్లు దాకా జిల్లా కమిషనే. ఫీజు కూడా బిల్లును బట్టే. 5 లక్షల లోపు బిల్లు అయితే ఫీజు అసలు లేదు. సివిల్ కోర్టులో 75 లక్షల దావా వేయాలంటే కోర్టు ఫీజే వెనకాడేలా చేస్తుంది. ఇక్కడ 75 లక్షలు రాసినా, 7 కోట్లు రాసినా అడిగేవాడికి పైసా ఖర్చు లేదు. అందుకే నోటీసులో అంకె చూసి భయపడొద్దు. కమిషన్ పరిహారం ఇస్తే రుజువైన నష్టానికి ఇస్తుంది, నోటీసులో రాసిన అంకెకు కాదు.

పేద రోగి ఫీజు భయం లేకుండా న్యాయం అడగాలన్నదే ఆ సదుపాయం ఉద్దేశం. అది ఉండాలి కూడా. లోటు ఇంకోచోట ఉంది. మన వాళ్లు చాలామంది ఉన్న అమెరికాలోని టెక్సాస్‌లో డాక్టరు మీద దావా వేసినవాళ్లు, డాక్టరు జవాబు దాఖలు చేసిన 120 రోజుల్లోపు నిపుణుడైన మరో వైద్యుడి నివేదిక ఇవ్వాలి. ఇవ్వకపోతే దావా కొట్టేసి డాక్టరు లాయరు ఖర్చులు కూడా వాళ్ల చేతే కట్టిస్తారు. మన దగ్గర అలాంటి జల్లెడ క్రిమినల్ కేసులకు మాత్రమే ఉంది. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీం కోర్టు, డాక్టరు మీద ముందుకు వెళ్లే ముందు పోలీసులు స్వతంత్ర వైద్య నిపుణుడి అభిప్రాయం తీసుకోవాలని, వీలైతే ఆయన ప్రభుత్వ వైద్యుడై ఉండాలని, మామూలు కేసుల్లోలా వెంటనే అరెస్టు చేయొద్దని చెప్పింది. కన్స్యూమర్ కేసులకు కూడా ఇలాంటిదే పెట్టాలని 2009లో సుప్రీం కోర్టులోనే ఒక బెంచి అన్నది గానీ, 2010లో మన కిషన్ రావు కేసులో అది చెల్లలేదు. అక్కడ మలేరియా లక్షణాలున్న మనిషికి టైఫాయిడ్ చికిత్స చేశారు. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని, కంటికి కనబడే నిర్లక్ష్యమైతే అది లేకుండానే తేల్చవచ్చని సుప్రీం కోర్టు చెప్పింది.

మీ కేసు అలా కంటికి కనబడే రకం కాదు. కాన్పు తరవాత గర్భసంచి బిగుసుకోకపోవడం, మందులకు లొంగకపోవడం ఏ ఆస్పత్రిలోనైనా జరిగేదే. అందుకే కేసు దాఖలైతే, ప్రభుత్వ వైద్య కళాశాల ప్రొఫెసర్ల బృందం అభిప్రాయానికి పంపమని మీరే దరఖాస్తు పెట్టండి. ఎదుటివాళ్లు పెడతారని ఎదురుచూడకండి.

'పనికిమాలిన కేసు' అన్న మాట మాత్రం ఇప్పుడే వాడకండి. 75 లక్షలన్నది అతి కావచ్చు. కానీ కాన్పుకు వచ్చిన మనిషి గర్భసంచి పోగొట్టుకుని ఇంటికి వెళ్లింది. ఎందుకని అడిగే హక్కు ఆమెకుంది. రక్తస్రావాన్ని ఎన్ని నిమిషాల్లో గుర్తించారు, గర్భసంచి బిగుసుకోవడానికి ఇచ్చే ఆక్సిటోసిన్ తరవాత రెండో మందుకు ఎంతసేపు పట్టింది, రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ 3 గంటల్లోపు పడిందా, రెండో సిజేరియన్ అని తెలిసీ రక్తం ముందుగా ఏర్పాటు చేశారా, పంపాలన్న నిర్ణయం ఎప్పుడు తీసుకున్నారు? కమిషన్ చూసేవి ఇవే. వీటికి మీ దగ్గర జవాబులుంటే మీరు గట్టి స్థితిలో ఉన్నారు. ఒకదానికి లేకపోయినా మీ లాయరుకు ఇప్పుడే చెప్పండి, దాచకండి. 2025లో సుప్రీం కోర్టు ముందుకు వచ్చిన చండీగఢ్ డీప్ నర్సింగ్ హోమ్ కేసులో విషయం ఇదే, కాన్పు తరవాత ఆగని రక్తస్రావం. అక్కడ తల్లి చనిపోయింది. వైద్య బోర్డులు నిర్లక్ష్యం లేదన్నాయి. ఫిర్యాదులో లేని ఆరోపణను నేషనల్ కమిషన్ కొత్తగా నిలబెట్టి పరిహారం విధించడం చెల్లదని సుప్రీం కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. మీ లాయరు ఫిర్యాదులో ఏముందో పేరా పేరాకూ పట్టుకోవాలని చెప్పేది అందుకే.

ఇక లాయరు మీద చర్య. మీ కోపంలో న్యాయం ఉంది. 1995 శాంతా తీర్పుతో డాక్టర్లు వినియోగదారుల చట్టం కిందికి వచ్చారు. 2024 మే 14న సుప్రీం కోర్టు లాయర్లు ఆ చట్టం కిందికి రారని చెప్పింది. కాబట్టి సొంత క్లయింటు కూడా లాయరును కన్స్యూమర్ కమిషన్‌కు లాగలేడు. ఇక ఎదుటి పక్షమైన మీరు లాగే ప్రశ్నే లేదు. లాయరు చెప్పేది తన క్లయింటు చెప్పిన మాట. వైద్యం సరైనదా కాదా అని ముందే తేల్చుకునే బాధ్యత చట్టం ఆయన మీద పెట్టలేదు. కేస్ షీటు చూడకుండా నోటీసు ఇవ్వడం చెడ్డ పనితనం. అంత మాత్రాన అది శిక్షించదగ్గ దుష్ప్రవర్తన కాదు.

అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. కౌన్సిల్‌కు నమ్మకం కుదిరితే ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ కమిటీకి పంపుతుంది. మందలింపు, సస్పెన్షన్, లాయర్ల జాబితా (రోల్) నుంచి పేరు తీసేయడం, ఈ మూడే శిక్షలు. ఏడాదిలో తేల్చాలి, లేకపోతే ఫైలు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు పోతుంది. మీకున్న చిక్కేమిటంటే, 2025లో సుప్రీం కోర్టు లాయరుకూ ఫిర్యాదీకీ మధ్య వృత్తిపరమైన సంబంధం మామూలుగా ఉండాలని చెప్పింది. ఎదుటి లాయరు మీద వేసిన ఫిర్యాదులో పస లేదని ఖర్చులు కూడా విధించింది. ఈ దశలో మీరు ఫిర్యాదు చేస్తే 'లాయరును బెదిరిస్తున్నారు' అని కమిషన్ ముందు చెప్పుకోవడానికి వాళ్లకు ఒక కాగితం ఇచ్చినట్టే.

మరి మూడో వంతు ఒప్పందం? అది నిజమైతే ముమ్మాటికీ తప్పు. వచ్చే సొమ్ములో వాటా తీసుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమం 20 నిషేధిస్తుంది. తెలంగాణ నుంచే వెళ్లిన బి. సునీత కేసులో 2017లో సుప్రీం కోర్టు దీన్ని స్పష్టంగా చెప్పింది. యాక్సిడెంట్ పరిహారంలో శాతం లెక్కన ఫీజు అడిగి, చెక్కు తీసుకుని, ఆ చెక్కు మీద కేసు వేసిన లాయరు వాదన అక్కడ నిలవలేదు. కానీ ఈ ఒప్పందం వల్ల మోసపోయేది ఎవరు? మీకు నోటీసు పంపిన ఆ కుటుంబమే. దాన్ని రుజువు చేయగలిగేదీ వాళ్లే. మధ్యవర్తి నోటి మాట బార్ కౌన్సిల్ ముందు నిలబడదు.

ఆ మధ్యవర్తి విషయంలో మాత్రం మీకు పట్టు ఉంది. 2023 సవరణతో అడ్వకేట్స్ చట్టంలో 45ఏ సెక్షన్ వచ్చింది. లాయర్ల దగ్గర ముడుపులు తీసుకుని కేసులు తెచ్చిపెట్టే దళారుల జాబితాను హైకోర్టు, జిల్లా జడ్జి, కలెక్టరు స్థాయి అధికారులు ప్రకటించవచ్చు. జాబితాలో పేరుండి కూడా ఆ పని చేస్తే 3 నెలల దాకా జైలు, 500 రూపాయల దాకా జరిమానా. శిక్ష చిన్నదే, కానీ జిల్లా కోర్టు ఆవరణలో ఆ జాబితా కనబడితే అతని వ్యాపారం సాగదు. ఆస్పత్రుల చుట్టూ తిరిగే ఇలాంటివాళ్ల గురించి మీ ఊరి డాక్టర్లు కలిసి, ఎవరెవరి దగ్గరికి ఎప్పుడు వచ్చాడో తేదీలతో సహా రాసి, జిల్లా జడ్జికి ఇవ్వవచ్చు. ఒక్కరిగా వెళ్లడం కన్నా అలా వెళ్లడం మేలు.

అతను మళ్లీ వస్తే ఒంటరిగా మాట్లాడకండి. 'డబ్బివ్వకపోతే పోలీసు కేసు పెడతాం, టీవీలో వేయిస్తాం' అంటే అది బెదిరించి వసూలు చేయడం కిందికి వస్తుంది, భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్. అప్పుడు ఆగక్కర్లేదు, వెంటనే పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. ఫోన్ కాల్ రికార్డు అయి ఉంటే ఆ ఫోనునే జాగ్రత్తగా పక్కన పెట్టండి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసిన కాపీ ఒక్కదానితో పని జరగదు. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, దానికి మొదట రికార్డు అయిన ఫోను ఉండాలి. గుంపు వచ్చి ఆస్పత్రి మీద పడితే 2008 నాటి వైద్య సిబ్బంది, ఆస్పత్రుల రక్షణ చట్టం వేరుగా ఉంది. అందులో 3 ఏళ్ల దాకా శిక్ష, బెయిల్ రాని నేరం.

కేసు కొట్టేశాక నష్టపరిహారం రాబట్టవచ్చా అని మీకు అనిపించవచ్చు. దురుద్దేశపు ప్రాసిక్యూషన్ దావా ఉంది. కేసు మీకు అనుకూలంగా ముగిసిన ఏడాదిలోపు వేయాలి. కారణం లేకుండా, కక్షతో వేశారని మీరే రుజువు చేయాలి. తప్పుడు క్రిమినల్ కేసు పెట్టినప్పుడు అది పనికొస్తుంది గానీ, వట్టి కన్స్యూమర్ ఫిర్యాదు మీద నిలబడటం అరుదు. పాత 1986 చట్టం 26వ సెక్షన్‌లో కూడా పసలేని ఫిర్యాదుకు ఖర్చుల గరిష్ఠ పరిమితి 10 వేలే. ఖర్చులు అడగండి, కానీ ఆ డబ్బు మీద లెక్క వేసుకోకండి.

కేసు నిజంగా దాఖలైతే అన్నిటికన్నా ముఖ్యమైనది గడువు. ఫిర్యాదు కాపీతో కమిషన్ నోటీసు అందిన రోజు నుంచి 30 రోజుల్లో మీ జవాబు దాఖలు చేయాలి. కమిషన్ దయ తలిస్తే ఇంకో 15. 46వ రోజు ఎంత మంచి కారణం చెప్పినా తీసుకోరు, 2020లో హిల్లీ కేసులో సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ గీత గీసింది. అందుకే ఆ కవరు చింపి పారేయొద్దు. పోస్టు ముద్రతో సహా ఉంచి, దాని మీద అందిన తేదీ వేసి మీ రిసెప్షనిస్టుతో సంతకం పెట్టించండి. లోపల ఫిర్యాదు కాపీ లేకుండా ఉత్త నోటీసే వస్తే ఆ సంగతి కూడా అదే రోజు రాతపూర్వకంగా కమిషన్‌కు తెలియజేయండి, గడువు కాపీ అందిన రోజు నుంచే నడుస్తుంది. జిల్లా కమిషన్‌లో ఓడిపోతే 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు, అందుకు విధించిన సొమ్ములో సగం ముందే కట్టాలి. ఆ సగం ఎవరు కడతారో ఇన్సూరెన్స్ కంపెనీని ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

రాజీ పడాలనిపిస్తే దానికీ దారి ఉంది. 2019 చట్టంలో మీడియేషన్ ఉంది. ఇరువర్గాలూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే కమిషన్ తన మీడియేషన్ సెల్‌కు పంపుతుంది. అక్కడ కుదిరిన ఒప్పందం ఇన్సూరెన్స్ కంపెనీకి తెలిసి కుదురుతుంది, కాగితం మీద ఉంటుంది, కేసు అక్కడితో మూతపడుతుంది.

అంతకు ముందు ఒక ప్రయత్నం చేయండి. కాపీలు తీసుకోవడానికి ఆ కుటుంబం వచ్చిన రోజున, మీ లాయరుకు చెప్పి, ఆయన సరేనంటే, వాళ్లను కూర్చోబెట్టి ఆ రాత్రి జరిగింది టైముల వారీగా, వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి. మత్తు డాక్టరు కూడా పక్కన ఉండాలి. గర్భసంచి ఎందుకు బిగుసుకోలేదు, ఏ మందు తరవాత ఏ మందు ఇచ్చారు, హైదరాబాద్ వాళ్లకు ఫోన్ చేసి ఏం చెప్పారు, ఇవన్నీ. ఆ రాత్రి మీ సిబ్బంది వాళ్లతో ఎంతసేపు మాట్లాడగలిగారో మీకే తెలుసు. డబ్బు మాట మాత్రం మీ నోట రానీయకండి.